స్టీరింగ్ తిరిగి చేతిలోకి: అడాస్ కారుతో శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా

మన షోరూముల్లో దొరికే ఏ కారూ తనంతట తాను నడిచేది కాదు. 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ700 వచ్చాక ‘అడాస్’ (నడిపేటప్పుడు డ్రైవరుకు సాయపడే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు) అనే మాట ఊళ్ల దాకా వచ్చింది. ఇప్పుడు పలాస జీడిపప్పు వ్యాపారి బండిలోనూ అదే బటన్, పెద్దపండక్కి హైదరాబాదు నుంచి దిగిన అబ్బాయి బండిలోనూ అదే బటన్. ఇవన్నీ లెవల్ 2 బండ్లు, అంటే స్పీడుకీ స్టీరింగ్‌కీ సాయం మాత్రమే చేసేవి. ముందు బండికి దూరం పాటిస్తూ స్పీడు పెంచడం, తగ్గించడం అడాప్టివ్ క్రూజ్ పని. గీతల మధ్య బండిని ఉంచడం లేన్ అసిస్ట్ పని. రోడ్డు చూడడం మాత్రం పూర్తిగా డ్రైవరు పనే. ప్రమాదం జరిగితే అడిగేదీ డ్రైవరునే.

లెవల్ 3 కథ వేరు. అక్కడ కొన్ని పరిస్థితుల్లో రోడ్డు చూసే పని కూడా కారుదే, పిలిచినప్పుడు డ్రైవరు అందుకోవాలి. 2021లో జపాన్‌లో హోండా, 2022లో జర్మనీలో మెర్సిడెస్ అలాంటి బండ్లు రోడ్డెక్కించాయి. వాటికోసం ఐక్యరాజ్యసమితి చేసిన 157వ నంబరు నిబంధన ప్రకారం, కారు చేతులెత్తేసే ముందు డ్రైవరును పిలవాలి. ఆయన పలక్కపోతే తనంతట తాను ఆగడం మొదలుపెట్టేలోపు మామూలుగా కనీసం 10 సెకన్లు గడువివ్వాలి. మన లెవల్ 2 బండికి ఆ 10 సెకన్ల మర్యాద లేదు. బీప్ కొట్టి అదే క్షణంలో వదిలేయొచ్చు. లేన్ అసిస్ట్ అయితే చాలా బండ్లలో చప్పుడు కూడా లేకుండా మీటరు బోర్డు మీది పచ్చ బొమ్మను బూడిద రంగులోకి మార్చి ఊరుకుంటుంది. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతంతా, కారు పిలవకముందే స్టీరింగ్ మనమే తీసుకోవడం గురించి.

తడబాటు ఎక్కడ పుడుతుంది

బీప్ వినగానే మనిషి తడబడేది బండి నడపడం రాక కాదు. నాలుగు సంగతులు ఒక్కసారే తేల్చుకోవాల్సి రావడం వల్ల. ఆగింది క్రూజా, లేనా, రెండూనా? ముందున్నదాన్ని కారు చూసిందా? స్టీరింగ్‌లో ఇంకా దాని బలం ఉందా? ఇప్పుడు తొక్కాల్సింది బ్రేకా, యాక్సిలరేటరా? గంటకు 80 కిలోమీటర్ల మీద బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఈ నాలుగూ తేల్చుకోవడానికి మూడు సెకన్లు పట్టినా 66 మీటర్లు చూడకుండా దాటేసినట్టే.

ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన సిమ్యులేటర్ ప్రయోగంలో, తొందర లేని పరిస్థితిలో స్టీరింగ్ తీసుకోమంటే కొందరు 2 సెకన్లలో తీసుకున్నారు, కొందరికి 25 సెకన్లు పట్టింది. అంతకంటే మనం గుర్తుపెట్టుకోవాల్సింది లీడ్స్ విశ్వవిద్యాలయం 2014లో ప్రచురించిన ప్రయోగం. చేతులు స్టీరింగ్ మీదికి వచ్చాక కూడా బండిని మామూలుగా, ఊగకుండా గీతల మధ్య నడపడానికి డ్రైవర్లకు 35 నుంచి 40 సెకన్లు పట్టింది. 80 మీద 40 సెకన్లంటే దగ్గర దగ్గర 900 మీటర్లు. చేయి పడగానే పని అయిపోయిందనుకోవడం తప్పు. ఆ తర్వాత ముప్పావు కిలోమీటరు పైన మీరు సగం డ్రైవరే. ఆ దూరంలో ఓవర్‌టేక్ పెట్టుకోకూడదు, లేన్ మారకూడదు, ఫోనెత్తకూడదు.

అన్నింటికన్నా మోసం చేసే పరిస్థితి ఒకటుంది. గీతలు చెరిగిపోయిన చోట లేన్ అసిస్ట్ ఆగుతుంది, క్రూజ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. స్పీడు తగ్గదు, ఇంజిన్ శబ్దం మారదు, ఒంటికి ఏ తేడా తెలియదు. అంతా మామూలుగానే ఉందనుకుంటూ ఉండగా బండి మెల్లగా డివైడర్ వైపో, మట్టి అంచు వైపో జరుగుతుంది. గీతల మీదికి పోతున్నావని హెచ్చరించే బీప్ కూడా రాదు, ఎందుకంటే దానికి గీతలే కనబడటం లేదు.

బయల్దేరే ముందు

ముందు కెమెరా, రాడార్ ఎక్కడున్నాయో చూడండి. కెమెరా లోపలి అద్దం వెనక, ముందు గ్లాసుకి ఆనుకుని ఉంటుంది. వైపర్ అక్కడిదాకా శుభ్రంగా తుడుస్తోందా లేదా నీళ్లు కొట్టి చూసుకోండి. అద్దం పైభాగాన ఎండ పడకుండా అంటించే పట్టీ కెమెరా ముందుకు రాకూడదు. రాడార్ చాలా బండ్లలో ముందున్న కంపెనీ గుర్తు వెనకో, కింద బంపర్ జాలీలోనో ఉంటుంది. కొన్ని బండ్లకి రాడారే ఉండదు, అన్నీ కెమెరాతోనే.

ఇక్కడ మన అలవాటొకటి అడ్డం వస్తుంది. దసరాకో, కొత్తబండి పూజకో ముందు గుర్తు మీద పసుపు, గంధం దట్టంగా పూసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేస్తాం. తడి ముద్ద, తడి పూలు రాడార్ తరంగాలను మింగేస్తాయి. పూజ బానెట్ మీద చేసుకోండి. గుర్తు మీద పెట్టక తప్పదనుకుంటే హైవే ఎక్కే ముందు తడిబట్టతో తుడిచేయండి, దండ తీసేయండి. బంపర్‌కి కట్టే నిమ్మకాయలు, మిరపకాయలు రాడార్ పలకకు ఎదురుగా వేలాడకుండా పక్కకు కట్టండి. ముందు ఇనుప గార్డు బిగించిన బండిలో అడాస్ మీద ఆధారపడటం మానేయడమే మంచిది.

తర్వాత సెట్టింగులు. ముందు బండికి దూరం అన్నింటికంటే ఎక్కువకు పెట్టండి. ఆ సందులోకి బైకులు, ఆటోలు దూరతాయి, నిజమే. దూరినా ఆ ఖాళీ మీకు మిగిల్చేది సెకన్లు. హెచ్చరిక శబ్దం పెద్దదిగా, స్టీరింగ్ వణుకు ఉంటే దాన్ని ఆన్‌లో ఉంచండి. నాలుగు వరసల హైవేలో కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. మన హైవేకి క్రూజ్ 80 దాటించకపోవడం నయం. టోల్ ఇచ్చేది స్పీడుగా పోవడానికే కదా అనే బంధువు పక్కన కూర్చున్నా సరే.

మాన్యువల్ పుస్తకం నాలుగువందల పేజీలుంటుంది. మొత్తం చదవక్కర్లేదు. ఈ ప్రశ్నలకు జవాబులు వెతికి, చిన్న కాగితం మీద రాసి సన్‌షేడ్‌కి పెట్టుకోండి. లేన్ అసిస్ట్ పనిచేస్తున్నప్పుడు బొమ్మ ఏ రంగు, ఊరికే కాచుకుని ఉన్నప్పుడు ఏ రంగు, పాడైతే ఏ రంగు? బ్రేకు తాకితే క్రూజ్ ఒక్కటే ఆగుతుందా, లేన్ కూడా ఆగుతుందా? ఇండికేటర్ వేసినప్పుడు లేన్ అసిస్ట్ పక్కకు తప్పుకుని, ఆ తర్వాత తనే తిరిగి వస్తుందా? ముందు బండి ఆగితే మనదీ పూర్తిగా ఆగుతుందా, లేక 30 దగ్గర బీప్ కొట్టి వదిలేస్తుందా? చేతులు తీస్తే ఎన్ని సెకన్లకు అరుస్తుంది, ఆ తర్వాత ఏం చేస్తుంది? ఈ జవాబులు కంపెనీకొకలా ఉంటాయి, ఒకే కంపెనీలో మోడల్‌కొకలా ఉంటాయి. పాత బండి అలవాటు కొత్త బండిలో దెబ్బతీసేది సరిగ్గా ఇక్కడే. ముఖ్యంగా నాలుగో ప్రశ్న. సిటీ ట్రాఫిక్‌లో పూర్తిగా ఆగే బండికి అలవాటుపడ్డ కాలు, 30 దగ్గర వదిలేసే బండిలో బ్రేకు మీదికి రాదు.

చేతుల సంగతి ఒకటి. చాలా బండ్లు స్టీరింగ్ మీద చేయి ఉందో లేదో తిప్పుడు బలాన్ని బట్టి కనిపెడతాయి. చేతులు బుద్ధిగా పెట్టుకున్నా కదలిక లేకపోతే ‘స్టీరింగ్ పట్టుకో’ అని అరుస్తుంది. అప్పుడు కంగారుపడి గుంజకండి. ఒక చేత్తో చక్రాన్ని కిందికి వేలాడదీసినంత బరువు చూపిస్తే చాలు. ఆ అరుపు విసుగనిపించి నీళ్లసీసా కట్టేవాళ్లు, కమలాపండు ఇరికించేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే బండి ఆఖరిసారి పిలిచే పిలుపును మన చేత్తోనే నొక్కేసినట్టు.

తీసుకునే వరస

వరస ఎప్పుడూ ఒకటే ఉండాలి: కళ్లు, చేతులు, కాలు, ఆ తర్వాత బటన్. తొందరలో మనిషి దీన్ని తలకిందులు చేస్తాడు. ముందు బటన్ నొక్కుతాడు, తర్వాత స్టీరింగ్ గుంజుతాడు, ఆఖర్న రోడ్డు చూస్తాడు.

1. కళ్లు. బీప్ రాగానే మీటరు బోర్డు వైపు చూడాలనిపిస్తుంది. చూడకండి. ముందు రోడ్డు చూడండి, వెంటనే లోపలి అద్దంలో వెనక ఏముందో చూడండి. బీప్ ఎందుకొచ్చిందో తర్వాత తెలుసుకోవచ్చు.

2. చేతులు. గడియారంలో 9, 3 అంకెలు ఉండే చోట రెండు చేతులు. ఇక్కడొక సూక్ష్మం ఉంది. మలుపులో లేన్ అసిస్ట్ తిప్పుతున్నప్పుడు చక్రంలో దాని బలం ఉంటుంది. దానికి ఎదురు గుంజితే, అది వదిలిన క్షణాన మీ బలమంతా ఒక్కసారి పనిచేసి బండి అవతలి లేన్లోకి గెంతుతుంది. అలాగని ఊరికే వేళ్లు ఆనించి ఉంటే, అది వదలగానే చక్రం వదులై బండి మలుపు బయటికి సాగిపోతుంది. రెండూ కాకుండా, అది ఎటు తిప్పుతోందో అటే మీ చేతులు కూడా కలపండి. సైకిల్ నేర్చుకునే పిల్లాడి సీటు పట్టుకుని వెంట పరిగెత్తినట్టు. ఒకటి రెండు సెకన్లు దాని తిప్పుడు చేతికి తెలిశాక అది వదిలినా బండి అదే గీతలో ఉంటుంది.

3. కాలు. క్రూజ్ నడుస్తున్నప్పుడు కుడికాలు సీటు కిందికి మడుచుకోవడం, పక్కకి వాల్చడం అందరం చేసేదే. ఆపదలో ఆ కాలు పెడల్‌ని వెతుక్కుంటుంది, బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేది అప్పుడే. మడమ ఎప్పుడూ బ్రేకు పెడల్‌కి సూటిగా నేల మీద ఉండాలి. అక్కణ్నుంచి పాదం ముందుభాగం తిప్పితే యాక్సిలరేటర్ అందుతుంది, నిటారుగా పెడితే బ్రేకు.

4. ఆపడం. ముందు అడ్డం ఉంటే ఆలోచన లేదు, బ్రేకే. అడ్డం లేక, వెనక లారీ దగ్గరగా ఉంటే మాత్రం బ్రేకు తాకి క్రూజ్ ఆపకండి. క్రూజ్ ఆగగానే బండి తనంతట తాను నెమ్మదిస్తుంది. కరెంటు కారు, హైబ్రిడ్ అయితే మరీ గట్టిగా పట్టేసినట్టవుతుంది. కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, స్పీడు ముల్లు ఒక్క గీత పైకి కదిలేదాకా మెల్లగా నొక్కండి. అంటే ఇప్పుడు లాగుతున్నది మీ కాలే. అప్పుడు క్యాన్సిల్ నొక్కితే కుదుపుండదు. యాక్సిలరేటర్ తొక్కినంత మాత్రాన క్రూజ్ ఆగిపోదు, కాలు తీస్తే అది మళ్లీ పట్టుకుంటుంది. క్యాన్సిల్ మర్చిపోకండి.

5. ఇప్పుడు మీటరు బోర్డు చూడండి. రెండు బొమ్మలూ పోయాయా, ఒకటే పోయిందా? ఉన్నదేమిటో పైకి అనండి: “క్రూజ్ లేదు, లేన్ ఉంది.” పక్కవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. పైకి అన్నది బుర్రలో నిలుస్తుంది.

ఆ తర్వాత కిలోమీటరు పాటు ఎడమ లేన్లో 60, 70 మధ్య సాదాగా నడపండి. లీడ్స్ వాళ్లు చెప్పిన 40 సెకన్లు గడిచేది ఇక్కడే.

ఖాళీ రోడ్డులో సాధన

ఇది చదివితే వచ్చేది కాదు. పొద్దున్నే వెలుతురు బాగా వచ్చాక, వాన లేని రోజు, హైవేలో గీతలు కొత్తగా వేసిన నిటారు ముక్క ఒకటి చూసుకోండి. ఎడమ సీట్లో లైసెన్సున్న మనిషిని కూర్చోబెట్టుకోండి. ఆయన పని మూడు: వెనక చూడడం, ఖాళీ ఉన్నప్పుడు చెప్పకుండా ఉన్నట్టుండి “తీస్కో” అనడం, మీ చేతులూ కాలూ వరస తప్పాయేమో గమనించడం. స్టీరింగ్‌కి మాత్రం ఆయన చేయి రాకూడదు.

మొదట 60 మీద పదిసార్లు, తర్వాత 80 మీద పదిసార్లు. రెండు సార్ల మధ్య కనీసం రెండు కిలోమీటర్లు వదలండి, లేకపోతే ఒళ్లు ముందే సిద్ధంగా ఉండి ఫలితం అబద్ధం చెబుతుంది. పదిలో రెండుసార్లు మలుపులో అనమనండి. మొదటి రెండు మూడు సార్లు బండి గీతల మధ్య అటూ ఇటూ ఊగడం మామూలే. పదోసారికి కూడా ఊగుతుంటే మీరు చక్రాన్ని గట్టిగా పిసుకుతున్నారని అర్థం. మణికట్టు వదులు చేయండి. పరీక్ష ఒకటే: వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు స్టీరింగ్ చేతులు మారిందని తెలియకూడదు.

అత్యవసర బ్రేకు (గుద్దబోతుంటే కారు తనే వేసే బ్రేకు) పనిచేస్తుందో లేదోనని అట్టపెట్టె పెట్టి దానిమీదికి పోవడం లాంటి ప్రయోగాలు వద్దు. అట్టపెట్టెను రాడార్ లెక్కచేయదు. ఆగలేదని మీరు అనుకునేదీ తప్పే, ఆగిందని నమ్మేదీ తప్పే.

దారిలో ఎక్కడెక్కడ ముందే తీసుకోవాలి

శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 130 కిలోమీటర్లు, అక్కణ్నుంచి బరంపురం మరో పాతిక. నాలుగు వరసలు, మధ్య డివైడర్. చూడ్డానికి అడాస్ కోసమే వేసినట్టుంటుంది. కానీ ఈ రోడ్డు మీద కారు కంప్యూటర్‌కి తెలియని వాడకాలు చాలా ఉన్నాయి.

టోల్‌గేట్లు మడపాం, లక్ష్మీపురం, బెల్లుపడ. గేటుకి అరకిలోమీటరు ముందే క్రూజ్, లేన్ రెండూ ఆపేయండి. అక్కడ రోడ్డు విచ్చుకుంటుంది, గీతలు చీలుతాయి, లేన్ అసిస్ట్ రెండు బూత్‌ల మధ్య దిమ్మ వైపే సూటిగా పోదామనుకోవచ్చు. సన్నటి అడ్డకర్ర రాడార్‌కి ఆనదు. ముందు లారీ ఫాస్టాగ్ కొట్టుకుని వెళ్లిపోగానే, దారి ఖాళీ అయిందనుకుని క్రూజ్ 80కి ఎగబాకాలని చూస్తుంది, కర్ర మాత్రం అప్పటికే దిగుతుంటుంది.

నిలబడి ఉన్న బండి సంగతి బాగా అర్థం చేసుకోవాలి. రాడార్‌కి రోడ్డు పక్క బోర్డు, వంతెన, రెయిలింగ్, కల్వర్టు గోడ అన్నీ కదలకుండా ఉన్నవే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే బండి నడవదు కాబట్టి, ఎక్కువ స్పీడులో కదలనివాటిని చాలావరకు వదిలేసేలా దాన్ని తయారు చేశారు. అందుకే కదులుతూ కదులుతూ ఆగిన లారీని అది బాగానే పట్టుకుంటుంది. ముందే ఆగి ఉన్న లారీని పట్టుకోకపోవచ్చు. మరీ ప్రమాదమైన రూపం ఇది: మీ ముందు కారు ఉంది, మీ క్రూజ్ దాని వెంట పోతోంది. ఆ కారు ఎడమ లేన్లో టైరు పేలి ఆగిన లారీని చూసి చటుక్కున కుడికి తప్పుకుంది. మీ బండికి ముందు ఖాళీ కనిపించి స్పీడు పెంచుతుంది. కాబట్టి ముందు బండి కారణం లేకుండా లేన్ మారితే బ్రేకు మీద కాలు పడాలి, కారణం కనిపించేదాకా అక్కడే ఉండాలి. పైగా క్రూజ్ వేసే బ్రేకు, మనం పూర్తిగా తొక్కితే పడేదాంట్లో సగం కూడా ఉండదు.

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ దిమ్మలు మోసే ట్రెయిలర్లు ఎక్కుడులో 30, 40కి పడిపోతాయి. వెనక దీపాలు దుమ్ము కొట్టుకుని ఉంటాయి. పగలు క్రూజ్ వాటిని పట్టుకుంటుంది, కానీ ఆలస్యంగా, గట్టిగా తగ్గిస్తుంది. దూరం నుంచే మీరు తగ్గించుకుంటే వెనకవాళ్లకు మీ బ్రేకు లైటు ముందే కనిపిస్తుంది.

ఉద్దానం వైపు కొబ్బరి మట్టలు, వెదుళ్లు, కట్టడాలకు ఇనుప ఊచలు వేసుకుని పోయే ట్రాక్టర్లు, ఆటోలు ఉంటాయి. రాడార్ లెక్క వేసేది ట్రాలీ బాడీకి, బయటికి రెండు మీటర్లు పొడుచుకొచ్చిన ఊచలకు కాదు. మీకు దూరం చాలినట్టు కనిపిస్తుంది, ఊచ మొన మాత్రం బానెట్ మీద ఉంటుంది. ట్రాక్టర్ వెనక క్రూజ్ పెట్టుకుని పోవడం అనేదే వద్దు.

కోతల రోజుల్లో, అంటే నవంబరు నుంచి సంక్రాంతి దాకా, సర్వీస్ రోడ్డు మీదా ఒక్కోచోట ఎడమ లేన్ మీదా ధాన్యం ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రి టార్పాలిన్ కప్పి, దాని అంచుల మీద మళ్లీ రాళ్లు. మోకాలెత్తు కూడా లేని రాయిని రాడార్ లెక్కలోకి తీసుకోదు, నల్ల టార్పాలిన్‌ని కెమెరా తారురోడ్డే అనుకోవచ్చు. అదే ధాన్యం ఎడమ గీతను కప్పేస్తే లేన్ అసిస్ట్ అక్కడే వదిలేస్తుంది. ఆ కాలంలో ఊరు కనిపిస్తే చాలు, ఎడమ లేన్లో క్రూజ్ ఆపేయండి.

డివైడర్ సందుల దగ్గర అడ్డంగా దాటే బైకులు, ఎడమ అంచున ఎదురొచ్చే రాంగ్‌రూట్ స్కూటర్లు మనకు కొత్త కాదు. కారుకు కొత్త. అది గీతల మధ్య సరిగ్గా నడిమిన పోవాలని చూస్తుంది. మనమైతే అలాంటి స్కూటర్ కనపడగానే అరడుగు కుడికి జరుగుతాం. జరగబోతే లేన్ అసిస్ట్ వెనక్కి నెడుతుంది, ఆ నెట్టుడుకు కంగారుపడి డ్రైవరు మరీ ఎక్కువ తిప్పేస్తాడు. ఊరు దగ్గరపడితే లేన్ అసిస్ట్ బటన్ ముందే ఆపడం దీనికి మందు. నరసన్నపేట, కోటబొమ్మాళి, కాశీబుగ్గ, కంచిలి జంక్షన్లన్నింటికీ ఇదే లెక్క.

హైవే దిగేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. లారీ వెనక 45 మీద క్రూజ్‌తో పోతూ, ఎడమకి సర్వీస్ రోడ్డులోకి తిరుగుతారు. ముందు లారీ మాయమైంది, దారి ఖాళీ. కారుకి గుర్తున్న స్పీడు 80. సర్వీస్ రోడ్డులో టీకొట్టు ముందు అది ఎగదన్నుతుంది. రిజ్యూమ్ బటన్‌ది కూడా ఇదే గుణం. ఎప్పుడో పెట్టిన స్పీడుకి ఎగబాకుతుంది తప్ప ఇప్పుడున్న రోడ్డుని చూడదు. హైవే దిగితే క్రూజ్ మెయిన్ బటనే ఆపండి. మళ్లీ ఎక్కాక రిజ్యూమ్ కాకుండా సెట్ నొక్కి, అప్పుడున్న స్పీడునే పెట్టుకోండి.

పాతపట్నం మీదుగా పర్లాకిమిడి రోడ్డు, కొత్తూరు, భామిని వైపు రోడ్లు రెండు వరసలవి. ఎదురు బండ్లు పక్కనుంచే పోతాయి, అంచు గీతలుండవు, మలుపుల్లో పశువులుంటాయి. అక్కడ క్రూజ్, లేన్ రెండూ అక్కర్లేదు. అత్యవసర బ్రేకు ఒక్కటి ఆన్‌లో ఉంటే చాలు. ఆ వైపు ఒడిశా కొండల నుంచి దిగిన ఏనుగులు రాత్రిపూట రోడ్డు దాటుతుంటాయి. బూడిదరంగు ఏనుగును చీకట్లో కెమెరా గుర్తుపడుతుందని నమ్ముకోవద్దు. మనుషులకే దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు.

వాన, మంచు, ఎదురెండ

ఫైలిన్ 2013, హుద్‌హుద్ 2014, తిత్లీ 2018. మూడూ అక్టోబరు తుపాన్లే. ఆ నెలలో ఈ రోడ్డు మీద వాన ఎలా పడుతుందో చెప్పక్కర్లేదు. గుర్తు ఒకటి పెట్టుకోండి: వైపర్ పెద్ద స్పీడుకి మార్చాల్సి వచ్చిందంటే క్రూజూ లేనూ ఆపేయాలి. తడి రోడ్డు మీద ఎదురు లైట్ల మెరుపు గీతలా కనిపించి కెమెరా దాన్ని పట్టుకుపోవచ్చు. నీళ్లు నిలిచిన చోట టైరు తేలితే క్రూజ్ దాన్ని మనంత తొందరగా పసిగట్టదు. వాన వెలిశాక రాత్రుళ్లు పశువులు పొడిగా, వెచ్చగా ఉంటుందని రోడ్డు మీదే పడుకుంటాయి. అదీ కదలని అడ్డమే.

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మంచు కమ్మినప్పుడు రాడార్ మంచులోంచి చూడగలదు, కెమెరా చూడలేదు. అందుకే క్రూజ్ హాయిగా నడుస్తూ లేన్ అసిస్ట్ పోయే సగంసగం పరిస్థితి ఎక్కువగా వచ్చేది ఈ మంచులోనే. రాడార్ చూస్తోంది కదా అని 70 మీద పోతే, ఆగి ఉన్న లారీ దగ్గర మళ్లీ పాత కథే. మంచులో మీ కంటికి కనిపించే దూరంలో ఆగగలిగే స్పీడే మీ స్పీడు.

ఈ రోడ్డు ఈశాన్యానికి పోతుంది. పొద్దున్న ఇచ్ఛాపురం వైపు వెళ్తున్నా, సాయంత్రం శ్రీకాకుళం వైపు తిరిగొస్తున్నా ఎండ కెమెరా మొహం మీదే. ఎండ దిగువన ఉన్న ఆ గంటసేపు లేన్ అసిస్ట్ వచ్చిపోతూ ఉంటే అది పాడైనట్టు కాదు. అలా రెండుసార్లు వచ్చిపోయిందంటే మూడోసారికి ఆగకండి, మీరే ఆపేయండి. వచ్చిపోయే సాయం అసలు లేనిదానికన్నా చెడ్డది.

బండి మరొకరికి ఇచ్చేటప్పుడు

నాన్నగారు నడుపుతానన్నా, బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి డ్రైవరును పిలిచినా, తాళంతో పాటు సన్‌షేడ్‌కి పెట్టిన ఆ జవాబుల కాగితం కూడా ఇవ్వండి. ఎప్పుడూ అడాస్ నడపనివాళ్లకు క్రూజ్, లేన్ రెండూ ఆపేసి ఇవ్వండి. ఇంజిన్ ఆపి మళ్లీ పెట్టినప్పుడు కొన్ని బండ్లలో లేన్ అసిస్ట్ తనంతట తానే ఆన్ అవుతుంది. స్టీరింగ్ ఎవరో లాగుతున్నట్టుందని వాళ్లు బెదిరిపోతారు. ఒక్కసారి పక్కన కూర్చుని, ఖాళీ రోడ్డులో చక్రం అలా లాగితే ఎలా ఉంటుందో చేతికి చూపించండి.

ఊరికే వదిలేస్తుంటే

గీతలు బాగున్నా, ఎండ లేకపోయినా, పగలే పదే పదే వదిలేస్తుంటే కారణం వెతకాలి. ఈ వరసలో చూడండి: కెమెరా ముందు అద్దం లోపలి వైపు మసక, రాడార్ పలక మీద మట్టి, నాలుగు టైర్లలో గాలి. చలికాలంలో లోపలి అద్దం మీద పల్చటి ఆవిరి పట్టి బయటికి కనిపించదు, ఏసీ గాలి అద్దం మీదికి వదిలితే రెండు నిమిషాల్లో పోతుంది. ఆ తర్వాత చూడాల్సింది ఈమధ్య ముందు గ్లాసు మార్చారా, బంపర్ విప్పి బిగించారా, చక్రాల అలైన్‌మెంట్ చేయించారా అన్నది. గ్లాసు మార్చాక కెమెరాను మళ్లీ సరిచేయించాలి, దాన్ని కాలిబ్రేషన్ అంటారు. అది చేయకుండా బండి ఇచ్చేస్తే కెమెరా ఒక డిగ్రీ పక్కకు చూస్తున్నా 50 మీటర్ల దూరంలో గురి దాదాపు 90 సెంటీమీటర్లు తప్పుతుంది. బిల్లులో ఆ పని రాసి ఉందో లేదో చూసి, లేకపోతే చేయించుకున్నాకే హైవే ఎక్కండి.